“తెలుసులే” అనకుండా చూడటం: చుట్టూ ఉన్న చిన్న వింతలను పట్టుకోవడం ఎలా

మా మెట్ల పక్కన ఒక చెట్టుంది. పదకొండేళ్ళుగా దాని కిందనుంచే రోజూ వెళ్తున్నాను, వస్తున్నాను. ఒకరోజు పొద్దున చెప్పు తెగి అక్కడే ఆగిపోవాల్సి వచ్చింది. తల వంచుకుని చెప్పు సరిచేసుకుంటుంటే నేల మీద ఎండ మచ్చలు కనబడ్డాయి. చిన్నవీ పెద్దవీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. పరకాయించి చూస్తే అన్నీ గుండ్రంగానే ఉన్నాయి. తలెత్తి చూశాను. ఆకుల మధ్య సందుల్లో ఒక్కటీ గుండ్రంగా లేదు. కొన్ని చీలికల్లా ఉన్నాయి, కొన్ని చినిగిన కాగితం అంచుల్లా ఉన్నాయి. మరి వంకర సందులోంచి దిగిన వెలుగు నేల మీద గుండ్రంగా ఎందుకు పడుతోంది?

ఆ మచ్చల్లో ప్రతి ఒక్కటీ సూర్యుడి బొమ్మ అని తర్వాత తెలిసింది. సందు చిన్నదై, నేల దానికి బాగా దూరంగా ఉంటే, సందు ఆకారం చెరిగిపోయి వెలుగు ఎక్కడినుంచి వచ్చిందో దాని ఆకారమే కింద పడుతుంది. సూర్యుడు గుండ్రం కాబట్టి మచ్చా గుండ్రం. ఎండ ఏటవాలుగా పడే వేళ అది కోడిగుడ్డులా సాగుతుంది. పాక్షిక సూర్యగ్రహణం రోజున అదే చెట్టు కింద వందల నెలవంకలు పరుచుకుంటాయి.

పదకొండేళ్ళూ ఆ బొమ్మలు నా కాళ్ళ కిందే ఉన్నాయి. నేను చూడకపోవడానికి తీరిక లేకపోవడం కారణం కాదు. “చెట్టు నీడేగా, తెలుసులే” అనుకోవడమే కారణం. ఆ “తెలుసులే” అనే మాటను కాసేపు పక్కన పెట్టడం నేర్చుకుంటే చాలు, మిగతాది దానంతట అదే వస్తుంది. నేను నేర్చుకున్న పద్ధతి ఇది. కొత్త చోట్లకు వెళ్ళక్కర్లేదు, ఏమీ కొనక్కర్లేదు.

ముందు ఒక చోటు ఎంచుకోండి

ఎలాగూ రోజూ ఉండే చోటే ఎంచుకోండి. కిటికీ, మెట్లు, బస్సు కోసం నిలబడే మూల, ఏదైనా సరే. అందంగా ఉన్న చోటు వెతక్కండి. అందమైన చోట కంటికి పని తక్కువ, చూడటం అలవాటు కాదు. అక్కడ రోజూ అయిదు నిమిషాలు ఉండండి. ఫోను చేతిలో ఉంటే అయిదు నిమిషాలూ దానికే పోతాయి, అందుకే దాన్ని లోపల వదిలేసి రండి.

మొదటి రెండు నిమిషాలు విసుగ్గా ఉంటుంది. అది సహజమే. మారని దాన్ని మెదడు పక్కకు నెట్టేస్తుంది, కొత్తగా మారిన దాని కోసం మాత్రం కాచుకుని ఉంటుంది. ఇది మీ కంటితోనే తెలుసుకోవచ్చు. ఒక కాగితం మధ్యలో నల్ల చుక్క పెట్టండి, పక్కగా కొంచెం దూరంలో లేత రంగు మరక ఒకటి వేయండి. చూపు కదపకుండా నల్ల చుక్కనే అర నిమిషం చూడండి. పక్కనున్న మరక మెల్లగా వెలిసిపోయి కాగితంలో కలిసిపోతుంది. కన్ను కదిపారో లేదో మళ్ళీ వచ్చేస్తుంది. ట్రాక్స్‌లర్ అనే స్విట్జర్లాండ్ వైద్యుడు 1804లోనే దీన్ని గుర్తించి రాశాడు. కళ్ళ ముందున్న మరకే అర నిమిషంలో మాయమైతే, రోజూ చూసే గోడ, మెట్టు, కుళాయి ఏమవుతాయో ఆలోచించండి. విసుగొచ్చినప్పుడు లేచిపోకుండా చూపును కొంచెం జరపండి. అంచులు చూడండి, మూలలు చూడండి. మూడో నిమిషం నుంచి ఏదో ఒకటి కనబడటం మొదలవుతుంది.

కుళాయి దగ్గర సాధన చేయండి

మొదలుపెట్టేవాళ్ళకి నేను ముందుగా చెప్పేది కుళాయి ధార. ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది, అందులో ఉన్నంత వింత ఇంకెక్కడా అంత తేలిగ్గా దొరకదు.

కుళాయిని సన్నగా, చప్పుడు రానంత నెమ్మదిగా తిప్పండి. ధార గాజు కడ్డీలా నిలబడుతుంది. పైనుంచి కిందికి చూడండి. మూతి దగ్గర లావుగా ఉండి, కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. నీళ్ళు కిందికి జారేకొద్దీ వేగం పెరుగుతుంది. పైన ఒక క్షణంలో ఎన్ని నీళ్ళు దాటుతున్నాయో కిందా అన్నే దాటాలి. వేగం పెరిగినప్పుడు అన్నే నీళ్ళు దాటాలంటే ధార సన్నబడక తప్పదు. ధార తగినంత పొడవుంటే చివర్లో ఇంకో సంగతి జరుగుతుంది. అక్కడ అది ధారలా కనబడుతుంది గానీ నిజానికి తెగి పూసలైపోయింది. వేలు పెట్టి చూస్తే పైన మెత్తగా తగిలే నీరు అక్కడ టపటపా కొడుతుంది.

ఇప్పుడు అదే వేలిని ధారలో మూతికి దగ్గరగా, రెండు మూడు సెంటీమీటర్ల కింద పెట్టండి. వేలికి పైనున్న ధార మీద సన్నటి ఉంగరాలు వరసగా కట్టుకుంటాయి. అవి అలలు. నీరు కిందికి పరుగెడుతుంటే అవి పైకి ఎక్కాలని చూస్తూ, ఎక్కలేక, దిగలేక, ఉన్నచోటే నిలబడిపోయాయి. వేలు కిందికి జరిపితే ఉంగరాలు దగ్గరదగ్గరగా ముడుచుకుని మాయమవుతాయి.

ధార సింకు అడుగున పడే చోటు కూడా చూడండి. పడిన చోట నీరు పల్చటి అద్దంలా గుండ్రంగా పరుచుకుంటుంది, కొంత దూరం పోయాక ఒక్కసారిగా గట్టులా లేస్తుంది. ఆ గట్టు లోపల నీరు వేగంగా పోతుంది, బయట నెమ్మదిస్తుంది. లోపలి భాగంలో వేలి కొన పెడితే వెనకాల కోసుగా గీత పడుతుంది, పడవ వెనకాల పడినట్టు. ఇంటింటా రోజూ గిన్నెలు కడిగే చోట ఇదంతా జరుగుతూనే ఉంటుంది.

గిన్నెలు కడిగే చోటే చూస్తూ చూస్తూ ఒకావిడ విజ్ఞానశాస్త్రంలో కొత్త దారి వేసింది. పేరు ఆగ్నెస్ పోకెల్స్. జర్మనీలో ఉండేది, పుట్టింది 1862లో. అప్పట్లో అక్కడ ఆడవాళ్ళకి విశ్వవిద్యాలయంలో చదువు లేదు. ఇంట్లో జబ్బుగా ఉన్న తల్లిదండ్రులను చూసుకుంటూ వంటింటి పనిలో ఉండేది. నూనె, సబ్బు కలిసినప్పుడు నీటి పైపొర ఎలా మారుతుందో గమనించింది. గమనించి ఊరుకోకుండా, ఒక రేకు తొట్టి, చిన్న తక్కెడ, ఒక గుండీ పెట్టుకుని ఆ పైపొర ఎంత గట్టిగా లాగుతుందో కొలవడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి కొలిచి, 1891లో ఇంగ్లండులో ఉన్న పేరున్న భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాసింది. ఆయన ఆ ఉత్తరాన్ని ‘నేచర్’ అనే విజ్ఞాన పత్రికకు పంపి అచ్చు వేయించాడు. ఆమె వాడిన తొట్టి పద్ధతే తర్వాతి పరిశోధకుల పరికరాలకు మూలమైంది. ఆవిడ సంగతి చదివిన రోజునుంచి సింకు ముందు నిలబడటం నాకు ఇంకోలా ఉంది.

ఆవిడ చూసినదాన్ని మీరూ చూడాలంటే వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, పైన టాల్కం పౌడరు పల్చగా చల్లండి. సబ్బు అంటించిన వేలి కొనతో మధ్యలో తాకండి. పౌడరంతా ఒక్క ఉదుటున అంచులకు పారిపోతుంది.

ప్రశ్నను చిన్నది చేయండి

“ప్రకృతి ఎంత గొప్పదో” అనుకుంటే చూపు అక్కడితో ఆగిపోతుంది. “ఈ మరక అంచు మాత్రమే ఎందుకు ముదురుగా ఉంది?” అనుకుంటే చూపు ముందుకు వెళ్తుంది. ప్రశ్న ఎంత చిన్నదైతే అంత మంచిది. ఇక్కడే ఎందుకు, అక్కడ ఎందుకు లేదు? ఎక్కడిదాకా ఉంది? ఎప్పుడు మొదలైంది? ఈ మూడూ చాలు.

మరక సంగతే తీసుకోండి. కాఫీ చుక్క బల్ల మీద పడి ఆరితే చుట్టూ ముదురు గీత మిగులుతుంది, మధ్యలో పలచగా ఉంటుంది. చుక్క అంచు బల్లను పట్టుకుని కదలదు. అంచు దగ్గరే నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు తీర్చడానికి మధ్యలోంచి నీరు అంచుకు పారుతూ, తనతోపాటు రేణువులను మోసుకుపోతుంది. ఈ కారణాన్ని శాస్త్రవేత్తలు విడమరిచి చెప్పింది 1997లో! అంతకుముందు ఎన్ని కోట్లమంది ఆ మరకను తుడిచి ఉంటారో.

చిన్న ప్రశ్న ఎంతదూరం తీసుకెళ్తుందో సి.వి. రామన్ ప్రయాణం చెబుతుంది. 1921లో ఓడలో వస్తూ మధ్యధరా సముద్రపు నీలాన్ని చూశాడాయన. సముద్రం నీలంగా ఉండేది ఆకాశం నీడ పడటం వల్లే అని అంతకుముందు చెప్పినవాడు ఆ లార్డ్ రేలీయే. అంత పెద్దాయన చెప్పాక “తెలుసులే” అనుకోవడం తేలిక. రామన్ అలా అనుకోలేదు. నీటి మీద పడి తిరిగొచ్చే ఆకాశపు వెలుగును, అలాంటి మెరుపును ఆపగల నికోల్ పట్టకం అనే స్ఫటికంతో అడ్డుకుని చూశాడు. నీలం పోలేదు, ఇంకా బాగా కనబడింది. నీరే వెలుగును చెదరగొడుతోందని అర్థమైంది. అక్కడ మొదలైన పని 1928లో రామన్ ఎఫెక్ట్ (చెదిరిన వెలుగులో కొంత రంగు మారడం) దాకా, 1930లో నోబెల్ బహుమతి దాకా వెళ్ళింది. మనకు బహుమతులు రాకపోవచ్చు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఓడ అంచున నిలబడిన ఎవరైనా అడగగలిగినదే.

దూరం మార్చండి

మనం అన్నిటినీ నిలబడిన ఎత్తునుంచే చూస్తాం. వంగండి, కూర్చోండి, గడ్డి దగ్గరైతే బోర్లా పడుకోండి. పదిరెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు.

తెల్లవారుజామున గడ్డి దగ్గర కూర్చోండి. అన్నిటినీ మంచు బిందువులు అనేస్తాం గానీ వాటిలో రెండు రకాలుంటాయి. పరక మీదంతా నూగులా పరుచుకున్న సన్నటి చుక్కలు గాలిలోని తేమ చల్లబడి కట్టినవి, అదే అసలు మంచు. పరక సరిగ్గా కొనమీద ముత్యంలా నిలిచిన ఒకే ఒక్క పెద్ద చుక్క తరచుగా గాలిలోంచి వచ్చింది కాదు. రాత్రంతా వేళ్ళు నీటిని పైకి నెడితే, బయటికి పోయే దారిలేక ఆకు కొననుంచి ఊరినది. అంటే ఆ చుక్క నిన్న మట్టిలో ఉంది. కళ్ళు దానికి బాగా దగ్గరగా పెట్టండి. చుక్క లోపల ఎదురుగా ఉన్న లోకమంతా తలకిందులుగా కనబడుతుంది. ఆకాశం కింద, నేల పైన.

లేచి నిలబడ్డాక, ఎండ వీపు మీద పడుతుంటే, మంచు గడ్డి మీద మీ నీడను చూసుకోండి. తల నీడ చుట్టూ తెల్లటి వెలుగు కనబడుతుంది. పక్కన ఇంకొకరు నిలబడితే వాళ్ళకి వాళ్ళ తల చుట్టూనే కనబడుతుంది, మీ తల చుట్టూ కనబడదు. ఎవరి వెలుగు వాళ్ళకే.

రోజుకో వెతుకులాట పెట్టుకోండి

కన్ను వెతికేదాన్నే చూస్తుంది. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో 24 మంది రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల స్కాన్లు ఇచ్చి గడ్డలు వెతకమన్నారు. ఒక స్కాన్‌లో గొరిల్లా బొమ్మ కలిపారు. అది మామూలు గడ్డ కంటే 48 రెట్లు పెద్దది. 24 మందిలో 20 మందికి అది కనబడలేదు. వాళ్ళంతా నిపుణులే. వాళ్ళు వెతుకుతున్నది గడ్డల్ని, గొరిల్లాను కాదు.

అందుకే వెతికేదాన్ని రోజూ మార్చండి. ఒకరోజు నీడలు మాత్రమే చూడండి. గోడకు దగ్గరగా పెట్టిన వేలి నీడ కత్తితో కోసినట్టుంటుంది, వేలు దూరం జరిపేకొద్దీ అంచులు పొగలా అవుతాయి. ఇంకోరోజు పగుళ్ళు చూడండి, వాటిలో ఏం మొలిచిందో చూడండి. ఒకరోజు చీమల వరస దగ్గర కూర్చోండి. వరసకు అడ్డంగా నేల మీద వేలితో ఒకసారి రుద్దితే, చీమలు ఆ గీత దగ్గర తడబడతాయి. అవి వాసన దారిని పట్టుకుని నడుస్తున్నాయని అప్పుడు కంటితో చూసినట్టు తెలుస్తుంది. చీమల్ని నలపకండి, నేలను మాత్రమే రుద్దండి.

కళ్ళు మూసుకుని కూడా

వారానికి ఒక అయిదు నిమిషాలు చెవులకివ్వండి. కళ్ళు మూసుకుని ముందు అన్నిటికన్నా దూరపు చప్పుడు పట్టుకోండి, తర్వాత దగ్గరికి రండి. సీసాలో నీళ్ళు నింపేటప్పుడు వినండి. నిండేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది, లోపలున్న గాలి పొట్టిదవుతున్నందుకు. వేడి నీళ్ళు పోసే చప్పుడుకీ చన్నీళ్ళు పోసే చప్పుడుకీ కూడా తేడా ఉంటుంది. రెండు మూడుసార్లు వింటే చూడకుండానే చెప్పగలుగుతారు.

తొలి చినుకుల వాసనకు శాస్త్రజ్ఞులు ‘పెట్రికోర్’ అని పేరు పెట్టింది 1964లో, ఆస్ట్రేలియాలో. అందులో ముఖ్యమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. లక్ష కోట్ల పాళ్ళలో కొద్ది పాళ్ళున్నా మన ముక్కు పట్టేస్తుంది. వాన మొదలవగానే తలుపులు మూయడానికి పరుగెత్తేముందు ఒక్క గుక్క గాలి పీల్చుకోండి.

అదే దాన్ని మర్నాడూ చూడండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చిందీ ఇదే. ఒక్కసారి చూస్తే బొమ్మ కనబడుతుంది. రోజూ చూస్తే కదలిక కనబడుతుంది.

చంద్రుడితో మొదలుపెట్టండి. అమావాస్య అయిన రెండో మూడో రోజు సాయంత్రం, పడమట సన్నటి వంక కనబడగానే టైము చూసి పెట్టుకోండి. మర్నాడు అదే టైముకి, అదే చోట నిలబడండి. చేయి బారుగా చాచి పిడికిలి బిగించండి. చంద్రుడు నిన్నటి చోటునుంచి పిడికిలి కంటే కాస్త ఎక్కువే తూర్పుకు జరిగి ఉంటాడు. ఆ వంక మధ్యలో మిగతా చంద్రబింబం కూడా బూడిదరంగులో మసగ్గా కనబడుతుంది. సూర్యుడి వెలుగు భూమి మీద పడి, అక్కడినుంచి చంద్రుడి మీదకు పోయి, తిరిగి మన కంటికి వచ్చింది. అది మన భూమి వెలుగే. 1500 తర్వాత కొద్ది ఏళ్ళలోనే లియొనార్డో డావిన్చీ ఈ సంగతి పసిగట్టాడు.

పున్నమినాడు చంద్రుడు నేలకు ఆనుకుని పెద్దగా కనబడతాడు కదా. చేయి చాచి చిటికెన వేలి గోరుతో కప్పి చూడండి. నడినెత్తికి వచ్చాక మళ్ళీ కప్పండి. రెండుసార్లూ అదే గోరు సరిపోతుంది. పెద్దదనం మన మనసులోదే.

చీకట్లో నక్షత్రాలు చూడాలంటే కళ్ళకి ఇరవై, ముప్ఫై నిమిషాలు అలవాటు పడనివ్వండి. మసక నక్షత్రం నేరుగా చూస్తే మాయమైతే, దాని పక్కకు కొంచెం చూడండి, తిరిగి వస్తుంది. చీకట్లో పనిచేసే కణాలు కంటిపొర (రెటీనా) నట్టనడుమ ఉండవు, చుట్టూ ఉంటాయి.

ఒక్క వాక్యం రాయండి

ఒక నోటుపుస్తకం, రోజుకో వాక్యం. “ఈరోజు మబ్బులు చాలా బాగున్నాయి” అని రాస్తే వారం తర్వాత మీకే ఏమీ గుర్తుండదు. “మబ్బుల అడుగులన్నీ ఒకే ఎత్తులో, కత్తితో కోసినట్టున్నాయి, తలలు మాత్రం ఎగుడుదిగుడుగా ఉన్నాయి” అని రాయండి. బాగుంది, అద్భుతం, సూపర్ లాంటి మాటలు వాడకూడదని నియమం పెట్టుకోండి. ఆ మాటలు లేకుండా రాయాలంటే మళ్ళీ ఒకసారి చూడక తప్పదు. ఫొటో తీయాలనిపిస్తే రాసిన తర్వాతే తీయండి.

ఇంకొకరికి చూపించేటప్పుడు

వెంటనే కారణం చెప్పేయకండి. ముఖ్యంగా పిల్లలకి. “ఈ మచ్చలన్నీ గుండ్రంగా ఎందుకున్నాయంటావు?” అని అడిగి ఊరుకోండి. తప్పు జవాబు చెప్పనివ్వండి. వేళ్ళు అడ్డం పెట్టి చూడనివ్వండి. మనం తొందరపడి చెప్పే జవాబుతో వాళ్ళ నోట కూడా “తెలుసులే” మొదలవుతుంది.

ఏమీ కనబడని రోజు

అలాంటి రోజులుంటాయి. మనసు బాగోదు, టెన్షన్‌లో ఉంటాం, కుళాయి కుళాయిలానే ఉంటుంది. బలవంతం చేయకండి, నడకకు వెళ్ళండి. 2020లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో పెద్ద వయసు వాళ్ళను వారానికొకసారి పావుగంట, ఎనిమిది వారాలు నడవమన్నారు. కొందరికి మాత్రం దారిలో ఆశ్చర్యం కలిగించే వాటిని చూస్తూ నడవమని చెప్పారు. నడకలో సెల్ఫీలు తీసుకోమన్నారు. ఆశ్చర్యం వెతుకుతూ నడిచినవాళ్ళ ఫొటోల్లో వారాలు గడిచేకొద్దీ తమ బొమ్మ చిన్నదవుతూ, చుట్టూ ఉన్నది ఎక్కువవుతూ వచ్చింది. నవ్వు కూడా పెరిగింది.

నడిచే ఓపిక కూడా లేకపోతే నేను చేసేది ఒకటుంది. మబ్బులేని పగటిపూట, సూర్యుడికి వీపు పెట్టి నిలబడండి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ నేరుగా చూడకూడదు. ఖాళీ నీలాకాశంలోకి, దేన్నీ పట్టుకోకుండా, ఊరికే చూడండి. కాసేపటికి తళుక్కుమనే చిన్న చిన్న చుక్కలు మెలికలు తిరుగుతూ పోవడం కనబడుతుంది. ఒక్కొక్కటీ ఒక క్షణం మెరిసి పోతుంది. అవి ఆకాశంలోవి కావు. మీ కంటిపొర మీది సన్నటి రక్తనాళాల్లో పరుగెడుతున్న తెల్ల రక్తకణాల జాడలు. చూపు అలాగే ఉంచి మణికట్టు మీద నాడి పట్టుకోండి. నాడి కొట్టినప్పుడల్లా ఆ చుక్కలు ఒక్క ఊపు ముందుకు ఉరుకుతాయి.